పదింట ఒక వంతు

నల్లదిమ్మె బంగారు గని మూతపడి ఇరవై ఏళ్లయ్యాక దాని అడుగున ఒక ప్రయోగశాల వెలిసింది. భూమికి ఎనిమిది వందల మీటర్ల లోతున, పద్నాలుగో లెవెల్లో, ఒకప్పుడు కూలీలు రాయి పగలగొట్టిన గుహలో డాక్టర్ హనుమక్క ఐదేళ్లుగా కంటికి కనిపించని ఒక వస్తువును పోగుచేస్తోంది.

ఆ గని ఆమెకు కొత్తది కాదు. తండ్రి అందులోనే డ్రిల్లు పట్టి, రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుని నలభై ఆరేళ్లకే పోయాడు. ఆయన పోయాక హనుమక్క చదువు కోసం బెంగళూరు వెళ్లింది. తమ్ముడు తిప్పేస్వామి ఐటీఐ చదివి పంపుల మెకానిక్ అయ్యాడు. ప్రయోగశాల పెట్టినప్పుడు గనిలో ఊరే నీళ్లను తోడిపోయడానికి మనుషులు కావాల్సొస్తే, అక్క చెప్పకుండానే దరఖాస్తు పెట్టి చేరిపోయాడు. "మా నాయన బంగారం తవ్వినాడు, మా యక్క చీకటి తవ్వుతాంది" అని తోటివాళ్లతో గొప్పగా చెప్పుకునేవాడు.

చీకటి అన్న మాటలో తప్పేమీ లేదు. హనుమక్క సిద్ధాంతం ఒక నక్షత్రంతో మొదలైంది. సూర్యుడికి రెండున్నర రెట్లు బరువుండి, అనంతపురం టౌనంత ఇరుకులోకి కుదించుకుపోయిన నక్షత్రం అది. తెలిసిన లెక్కల ప్రకారం అది ఎప్పుడో తన బరువుకే కూలిపోయి ఉండాలి. కూలలేదు. దాని గుండెలో కృష్ణ పదార్థం, అంటే కంటికి కనిపించని డార్క్ మ్యాటర్, చేరి ఉందనీ, అది దట్టంగా పేరుకున్న చోట గురుత్వాకర్షణ పాత సూత్రానికి కట్టుబడి ఉండదనీ ఆమె వాదించింది. ఆ పదార్థం మొదట నక్షత్రాన్ని నిలబెడుతుంది. ఒక హద్దు దాటాక పట్టు బిగించి లోపలి నుంచి మింగేస్తుంది.

అది నిజమో కాదో తేల్చుకోవడానికే ఈ గని. మనలోంచీ, రాళ్లలోంచీ అడ్డూ ఆపూ లేకుండా సాగిపోయే ఆ పదార్థాన్ని అతిచల్లటి స్ఫటికాల వలలో వేగం తగ్గించి, గది మధ్యలో విద్యుత్ క్షేత్రాలతో అల్లిన ఒక ఖాళీ చోట నిలబెట్టారు. ఏమీ కనిపించని ఆ చోటును పనివాళ్లు ఉట్టి అన్నారు. సైంటిస్టులకూ ఆ పేరే అలవాటైంది. ఉట్టి చుట్టూ ఎనిమిది లోలకాలు వేలాడదీశారు. మూడేళ్లపాటు అవి నిటారుగానే వేలాడాయి. నాలుగో ఏడు ఒక ఉదయం, ఎనిమిదీ వెంట్రుకవాసి లోపలికి ఒరిగి కనిపించాయి. ఆ రోజు హనుమక్క పైకి వచ్చి తమ్ముడింట్లో భోంచేసింది. మరదలు శివగంగ రాగిముద్ద, చెనిక్కాయల చట్నీ వడ్డిస్తుంటే, తినడం మరిచి మేనకోడలు భువనకు చెంచాను దారానికి కట్టి లోలకం ఒరగడం చూపిస్తూ కూర్చుంది.

ఉట్టిలో పోగైనదాన్ని విత్తనం అనేవాళ్లు, అది గ్రాము బరువు కూడా ఉండదు. కానీ దాని లాగుడు పెరుగుతూ పోయింది. హనుమక్క సూత్రం చెప్పినట్టే పెరిగింది. అందుకే ప్రమాదం జరిగితే ఏం చేయాలన్న నిబంధనలూ ఆమే రాసింది. ఉట్టికి కరెంటు తీసేస్తే ఆ విత్తనం రాళ్లలోంచి నీళ్లలోకి గుండు పడ్డట్టు భూమి నడిమధ్యకు జారిపోతుంది. అక్కడి దట్టమైన ఇనుములో దానికి పట్టు దొరుకుతుంది. అరవై డెబ్బై ఏళ్లలో హద్దు దాటుతుంది. ఆ తర్వాత భూమి ఉండదు. కాబట్టి దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ వదలకూడదు. వదిలే సంకేతం ఆమె ఒక్కదానికే తెలిసి ఉండాలని కమిటీ తీర్మానించింది.

ఆమె దగ్గర పనిచేసే ఫణీంద్ర ఒక్కడే దీనికి ఒప్పుకోలేదు. ప్రమాదానికి రెండు నెలల ముందు పన్నెండు పేజీల లెక్క తెచ్చి ఆమె ముందు పెట్టాడు. విత్తనం ఉట్టిలో ఉన్నంతసేపే పెరుగుతుందనీ, ఆ ఆసరా పోతే భూమి మధ్యకు చేరేలోపే నీళ్లలో ఉప్పుగల్లులా కరిగిపోతుందనీ, ఉట్టిలో ఉంచినా ఎప్పుడో ఒకనాడు దానంతటదే విచ్చిపోతుందనీ అతని వాదన. హనుమక్క రెండు రాత్రులు కూర్చుని చదివింది. లెక్కలో తప్పు లేదు. కానీ అదంతా ఇంతవరకు ఎవరూ కొలవని ఒక సంఖ్య మీద ఆధారపడి ఉంది. పదింట తొమ్మిది వంతులు నాదే నిజమని చెప్పి కాగితాలు తిరిగి ఇచ్చేసింది.

మార్చి నెలలో ఒక గురువారం ఉదయం పది దాటాక లోలకాలు ఒక్కసారిగా బెత్తెడు ఒరిగాయి. స్ఫటికాల వలను వెంటనే ఆపేశారు. అయినా విత్తనం ఆగలేదు. చుట్టూ ఉన్న రాతి నుంచే తనకు కావలసింది లాక్కుంటోంది. గది గోడలు పెటపెటలాడాయి. అందరూ గని లిఫ్టు కేజ్ ఎక్కి పైకి వచ్చేశారు. లెక్కపెట్టి చూస్తే ఇద్దరు తక్కువ. ఉట్టికి సరిగ్గా నెత్తిన ఉన్న పదమూడో లెవెల్లో పంపు బాగు చేయడానికి దిగిన తిప్పేస్వామి, అతనితో వెళ్లిన మహబూబ్ బాషా రాలేదు. బాషా హనుమక్క తండ్రితో పనిచేసిన కాలం నాటి మనిషి. గని నాడి తెలిసినవాడు. వాళ్ల దారి మీద కప్పు కూలింది.

పదకొండున్నరకు కంట్రోల్ రూములో గని ఫోన్ మోగింది.

"అక్కా, నేనూ బాషా మామా బాగనే ఉండాం. దారి పూడిపోయింది" అన్నాడు తిప్పేస్వామి. "ఒళ్లంతా బరువుగా ఉండాదక్కా. చెయ్యెత్తితే ఎవరో పట్టుకోని కిందికి గుంజినట్లుండాది" అన్నాడు.

వాళ్ల బరువే కాదు, వాళ్ల నెత్తిమీది రాయి బరువు కూడా గంట గంటకూ పెరుగుతోంది. ఉత్తరం వైపు నుంచి సొరంగం తొలిచి వాళ్లను చేరడానికి ఇరవై రెండు గంటలు పడుతుందని రెస్క్యూ వాళ్లు చెప్పారు. రాతిలో అమర్చిన పరికరాలు మాత్రం వాళ్ల నెత్తిమీది కప్పు సాయంత్రం ఐదు వరకే ఆగుతుందంటున్నాయి. ఉట్టిని వదిలేస్తే రాయి మామూలు బరువుకు వస్తుంది. అప్పుడు వారమైనా నిలబడుతుంది. ఉట్టిని అక్కడి నుంచి కదిలించాలంటే నెల కావాలి. ఇంకో దారి ఏదైనా దొరుకుతుందేమోనని హనుమక్క రెండు గంటలపాటు బోర్డు ముందు నిలబడింది. క్షేత్రాన్ని సన్నం చేసి చూసింది, గట్టి చేసి చూసింది. రెండింటికీ విత్తనం లొంగలేదు. బెంగళూరులో ఉన్న డైరెక్టర్‌కు ఫోన్ చేసింది. ఆయన చాలాసేపు విని, నిబంధనలు రాసింది మీరే కదమ్మా, నిర్ణయం కూడా మీదే అన్నాడు.

పైన గనిలోకి దిగే షాఫ్ట్ దగ్గర జనం పోగయ్యారు. శివగంగ మగ్గం మీంచి లేచిన మనిషి లేచినట్టే వచ్చింది. చీర కుచ్చిళ్లకు ఎర్ర పట్టుపోగులు అంటుకుని ఉన్నాయి. హనుమక్క కిటికీలోంచి ఆమెను చూసి కళ్లు తిప్పుకుంది.

ఫణీంద్ర బతిమాలాడు. తన లెక్క మీద ప్రమాణం చేసి చెప్పగలనన్నాడు. రుజువుందా అని హనుమక్క అడిగింది. లేదన్నాడు. లేనప్పుడు ఎనిమిది వందల కోట్ల మందిని దేని మీద పణంగా పెట్టమంటావని అడిగింది. అతను ఉట్టికి కరెంటిచ్చే బ్యాటరీ గది వైపు నడిచాడు. తీగలు కోసేద్దామనుకున్నాడు. ఆమె అతనికంటే ముందు పరిగెత్తి గది తలుపుకు అడ్డంగా నిలబడింది.

"నువ్వు తప్పయితే?" అంది. "ఫణీంద్రా, నువ్వు తప్పయితే మళ్లీ దిద్దుకోడానికి ఎవరూ మిగలరు."

అతను అక్కడే నేల మీద కూలబడి రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు.

మూడున్నరకు మళ్లీ ఫోన్ మోగింది. ఈసారి తిప్పేస్వామి గొంతు ముద్దగా ఉంది. నాలుక కూడా బరువెక్కినట్టుంది. వెనక బాషా ఏదో వల్లిస్తున్నాడు, దువా కాబోలు.

"ఉట్టిని ఇడిసేస్తే మేము బతుకుతాం కదక్కా. బాషా మామ చెప్పినాడు. నిజమేనా?"

నిజమేనంది హనుమక్క. ఎందుకు వదలలేకపోతోందో కూడా చెప్పింది. చిన్నప్పుడు లెక్కలు నేర్పినంత నిదానంగా, ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది. అతను అడ్డుపడకుండా విన్నాడు.

"నీ లెక్క ఎంత గట్టిదక్కా?"

అబద్ధం చెప్పాలనిపించింది. నూటికి నూరు అంటే అతనికి కాస్త తెరిపిగా ఉండేదేమో. కానీ జీవితంలో ఏ సంఖ్యా ఆమె మార్చి చెప్పలేదు.

"పదిట్లో తొమ్మిది వంతులు నిజం, తిప్పే."

అవతల రాయి విరిగిన చప్పుడు. ఆ తర్వాత అతని ఊపిరి.

"ఆ ఒక్క వంతు నాకియ్యలేవా అక్కా?"

ఆమె ఫోన్‌ను చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. అతను ఏడ్చాడు. తిట్టాడు. పాప నాలుగో తరగతి పరీక్షలు రాస్తోందనీ, ఈ ఎండాకాలం సెలవులకు సముద్రం చూపిస్తానని మాటిచ్చాననీ చెప్పాడు. మళ్లీ ఏడ్చాడు. ఆమె ఫోన్ పెట్టేయలేదు. అదొక్కటే చేయగలిగింది. నాలుగూ నలభైకి ఫోన్లో పెద్ద శబ్దం వచ్చింది. ఆ తర్వాత ఏమీ రాలేదు. కంట్రోల్ రూము నేల అదిరి, బల్ల మీది గ్లాసులో నీళ్లు వణికాయి.

ఆమె బయటికి వచ్చేసరికి శివగంగ ఎదురొచ్చి రెండు చేతులూ పట్టుకుంది. ఏడవలేదు. ఆఖర్న ఏమన్నాడొదినా అని మాత్రం అడిగింది. చుట్టూ జనం. హనుమక్క ఆ మొహంలోకి చూసింది. జీవితంలో మొదటిసారి, ఆలోచించకుండా, లేని మాట చెప్పింది.

"నన్ను చూడొద్దక్కా, లోకం చల్లగుండాల, దాన్ని ఇడవద్దు అన్నాడు."

మర్నాడు ఆ మాట పేపర్లలో వచ్చింది. వారానికి నల్లదిమ్మె సెంటర్లో తిప్పేస్వామి, బాషాల ఫ్లెక్సీ వెలిసింది. దాని కింద పెద్ద అక్షరాలతో అదే మాట. శివగంగ దుఃఖానికి ఆ మాట ఊతకర్ర అయింది. ఎవరు పరామర్శకు వచ్చినా, ఆయప్ప లోకం కోసం పోయినాడని చెప్పి కళ్లు తుడుచుకునేది. ఆగస్టు పదిహేనున భువన బడిలో స్టేజీ ఎక్కి తన తండ్రి ఆఖరి మాట గొంతు వణక్కుండా చెప్పింది. కలెక్టరు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. హనుమక్క ముందు వరుసలో కూర్చుని ఉంది. ఆమె చేతులు ఒడిలోంచి లేవలేదు.

ఆ నెలాఖరుకే విత్తనం పెరగడం ఆగింది.

పైనుంచి కెమెరాల్లో చూస్తున్న ఫణీంద్ర మొదట ఆమెకు చెప్పలేదు. మూడు రోజులు చూసి నాలుగో రోజు చెప్పాడు. లోలకాలు వెనక్కి వస్తున్నాయి. పరికరాల్లో తేడా ఉండొచ్చంది హనుమక్క. పైనున్నవన్నీ మార్పించింది. కొత్తవీ అదే చెప్పాయి. గని ఇంకా ప్రమాదమే, ఎవరూ దిగొద్దని ఉత్తర్వులున్నా, హెల్మెట్ పెట్టుకుని ఒంటరిగా పద్నాలుగో లెవెల్‌కు దిగింది. ఎనిమిది లోలకాలనూ స్కేలు పెట్టి తన చేత్తో కొలిచింది. ఆరోది అప్పటికే నిటారుగా ఉంది.

ఆ దినాల్లో ఆమె కోరుకున్నది ఎవరికీ చెప్పుకోగలిగింది కాదు. ఆ విత్తనం మళ్లీ పెరగాలని కోరుకుంది. తన సూత్రం నిజం కావాలని, భూమి నాశనమయ్యే ప్రమాదం నిజంగా ఉండి ఉండాలని కోరుకుంది. పొద్దున్నే లేచి లోలకాల కొలతలు చూసి, అవి నిన్నటికంటే ఇంకాస్త నిలువుగా ఉంటే బాత్‌రూములోకి వెళ్లి కొళాయి తిప్పి ఏడ్చేది. తన సమీకరణాల్లో ఇంకెక్కడైనా దారి ఉందేమోనని నోటుబుక్కులు నింపింది. సుదూరాన ఉన్న ఆ నక్షత్రం మాత్రం మునుపటిలాగే నిలబడి ఉంది. అది ఎవరి సూత్రం ప్రకారం నిలబడిందో ఇప్పుడు తెలుస్తోంది. ఫణీంద్ర పన్నెండు పేజీలకు ఆధారమైన, ఎవరూ కొలవని ఆ సంఖ్య ఇప్పుడు కొలతకు దొరికింది. మూడో దశాంశ స్థానం వరకూ అతని లెక్కే సరిపోయింది. ఆ గురువారం ఉట్టిని వదిలేసి ఉంటే, విత్తనం నలభై కిలోమీటర్ల లోతు చేరకముందే కరిగిపోయి ఉండేది.

నవంబరులో ఉట్టి ఖాళీ అయింది. రెస్క్యూ వాళ్లు పదమూడో లెవెల్‌కు దారి తొలిచి ఇద్దరినీ బయటికి తెచ్చారు. బాషాను ఖబరస్తాన్‌కు, తిప్పేస్వామిని శ్మశానానికి ఒకే పొద్దున మోసుకుపోయారు.

ఈ ఫలితాల మీద పరిశోధన పేపరు రాయడం పూర్తయ్యాక, దాన్ని పంపించే ముందు, హనుమక్క శివగంగ దగ్గరికి బయల్దేరింది. ఫణీంద్ర ఆమెను గేటు దగ్గర ఆపాడు. పేపరు మీద ఇప్పుడు అతని పేరే మొదట ఉంది. గెలిచిన ఆనందం మాత్రం అతని మొహంలో ఎప్పుడూ కనిపించలేదు.

"మేడం, ఈ పేపరు ఆమె చదవదు. ఊళ్లో ఎవరూ చదవరు. ఆమెకు మిగిలిందల్లా ఆ ఒక్క మాట. దాన్నెందుకు తీసుకుంటారు?" అన్నాడు. ఆ తర్వాత, "ఆ రోజు నా దగ్గర కూడా రుజువు లేదు" అన్నాడు.

హనుమక్క తల ఊపి ఆటో ఎక్కింది.

శివగంగ మగ్గం గుంతలో కూర్చుని నేస్తోంది. ధర్మవరం షావుకారుకు ఇవ్వాల్సిన పెళ్లి చీర. వదినను చూసి నవ్వి, కాఫీ పెడతానని లేవబోయింది. వద్దంది హనుమక్క. మగ్గం పక్కన చాప మీద కూర్చుని, తమ్ముడికి చెప్పినంత నిదానంగా అంతా చెప్పింది. విత్తనం కరిగిపోయిన సంగతి చెప్పింది. ఫణీంద్ర లెక్క నిజమైందనీ, తనది తప్పైందనీ చెప్పింది. ఉట్టిని వదిలి ఉంటే భూమికి ఏమీ అయ్యేది కాదంది.

శివగంగ చేతిలో పోగు విసిరే నాడె ఆగింది. "అంటే ఆయప్ప ఊరికే పోయినాడా?"

"ఊ."

"లోకం సల్లగుండాలని ఆయప్పే అన్న్యాడు గదా."

"అనలేదు గంగా. ఆ మాట నేను చెప్పింది."

మరేమన్నాడని శివగంగ అడిగింది. హనుమక్క మొత్తం చెప్పింది. ఏడ్చింది చెప్పింది, తిట్టింది చెప్పింది, సముద్రం సంగతి చెప్పింది. ఒక్క వంతు అడిగిన మాట సగంలో ఆగిపోయింది. మళ్లీ మొదటి నుంచి ఆ మాట చెప్పింది.

పక్కింట్లో మగ్గం చప్పుడు వినిపిస్తోంది.

"తప్పని తెల్సుంటే ఇడిసేదానివి" అంది శివగంగ చివరికి.

"ఇడిసేదాన్ని."

"తెలీకపోయినా ఇడిసేది తోడబుట్టినోడి కోసరం గాదా, వదినా?"

ఆ ఒక్క ప్రశ్నకు హనుమక్క ఏ నోటుబుక్కులోనూ లెక్క చేయలేదు. చేసినా తేలదు. ఇన్ని నెలలుగా ఆమె తనను తాను అడుక్కుంటున్నది వేరే ప్రశ్న. ఆ రోజు తలుపుకు అడ్డం నిలబడినప్పుడు తన వెనక ఉన్నది లోకమా, తన సూత్రమా అని. ఇప్పుడు అదీ చెప్పింది. నాకు తెలియడం లేదు గంగా, అంది. ఆ మాటతో శివగంగ మొహం కాస్తయినా మెత్తబడలేదు. మెత్తబడుతుందని హనుమక్క అనుకోలేదు కూడా.

శివగంగ గుంతలోంచి లేచింది. పాదాల కింద తొక్కుడు కర్రలు కిర్రుమన్నాయి. గడప దాకా వెళ్లి వీధిలోకి చూసింది.

"ఇస్కూలు ఇడిసే పొద్దయింది. పాపకు నువ్వే చెప్పు. నా నోట్తో నేను చెప్పలేను." వంటింట్లోకి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది.

హనుమక్క గడప మీద కూర్చుంది. ఎండ వీధి అంచులకు జరిగింది. కాసేపటికి నీలం యూనిఫాం పిల్లలు గుంపుగా వచ్చారు. వాళ్లలోంచి భువన విడివడి, బ్యాగు ఒక భుజం మీంచి ఇంకో భుజానికి మార్చుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

"అత్తా, ఎప్పుడొస్తివి? జనవరి ఇరవై ఆరుకు నన్ను మళ్లీ మాట్లాడమన్న్యారు. అనంతపురంలోనంట, పోలీసు గ్రౌండులో. నాయన చెప్పిన మాట చెప్పల్లంట."

"ఇట్ల కూర్చో పాపా."

పిల్ల కూర్చుంది. ఆమె మొహం చూసి నవ్వు ఆపేసింది. హనుమక్క ఆ పిల్ల బ్యాగు తీసి పక్కన పెట్టింది.

"ఆ మాట మీ నాయన అనలేదు."

భువన బ్యాగును మళ్లీ ఒళ్లోకి లాక్కుంది.

"మరి ఎవురన్న్యారు?"

"నేను" అంది హనుమక్క.